అత్త విన్న నవలలు

అత్త పోయిన కబురు నాకు చింతామణి పట్టుగూళ్ళ మార్కెట్లో అందింది. ఆ సమయానికి నేనేం చేస్తున్నానో చెప్పాలంటే సిగ్గేస్తుంది. ఒక ముసలి రైతు చెప్పులు విప్పి తూకం దగ్గరికి పోతే, ఆ జతలో ఒకదాన్ని నా టెంపో సీటు కింద దాచి, ఆయన ఒంటి చెప్పుతో వెతుక్కోవడం చూసి లోపల్లోపల నవ్వుకుంటున్నాను. ఫోన్ మోగింది. అక్క.

"అత్త పోయిందిరా."

"యాడికి?" అన్నాను.

నా నోటి అలవాటు అది. నాలుక ముందు పరుగెత్తిపోతుంది, బుద్ధి వెనకాల కుంటుకుంటూ వస్తుంది. అవతల ఎవరో ఏడుస్తున్న చప్పుడు వినబడింది. అప్పటికి నా బుద్ధి వచ్చి చేరింది.

బంధువులందరికీ చెప్పే పని నా మీద పడింది. ఇంట్లో అందరూ ఏడుస్తున్నారు, నేనొక్కణ్ణే బయట ఉన్నాను. మొదట బాగేపల్లి పెద్దబావకు చేశాను. ఆయన నవ్వాడు. "ఏమప్పా, ఈ తడవ అత్తనా? పోయిన తడవ నేనే చచ్చినానని మా మామగారింటికి చెప్పితివి. వాళ్ళు పూలదండ ఎత్తుకొని బస్సెక్కి వచ్చిరి. పో పో, పనుండాది నాకు," అని పెట్టేశాడు. పూలంగడివాడికి చేస్తే, "అన్నా, పొద్దున్నే మొదలుపెట్టినావా?" అన్నాడు. నాకు ఏడుపు వస్తోంది, వాళ్ళకు నవ్వు వస్తోంది. ఇన్నేళ్ళుగా నేను పెంచుకున్న పేరు ఇది. మనిషి చచ్చిపోయిందని చెప్పినా నమ్మని పేరు.

స్పందనకు చేశాను. స్పందన మా అక్క కూతురు, అత్తకు మనవరాలు. చిక్కబళ్ళాపురంలో హాస్టల్లో ఉండి పియుసి, అంటే ఇంటర్, చదువుతోంది. ఫోన్ మోగింది, కట్ అయింది. మళ్ళీ చేశాను, మళ్ళీ కట్ అయింది. హాస్టల్లో చేరినప్పటి నుంచీ ఆ పిల్ల నా ఫోన్ ఎత్తడం లేదు. ఆఖరికి ఆ ముసలి రైతు దగ్గరికే పోయాను. చెప్పు ఆయన కాళ్ళ దగ్గర పెట్టి, సంగతి చెప్పి, ఆయన ఫోన్ అడిగాను. నా మొహం చూసి ఆయన ఫోన్ నా చేతికివ్వలేదు, తనే మాట్లాడాడు. "అమ్మా, నేనెవురో నీకు తెలీదు. యాడన్నా కూసోమ్మా ముందు. కూసున్నావా? మీ అవ్వ పోయిందంట తల్లీ. నువ్వు బయలుదేరి రావల్ల." అంతే. నేనైతే అంత మర్యాదగా చెప్పగలిగి ఉండేవాణ్ణి కాదు.

చదివే మీకు మా అత్త ఎవరో తెలియదు. మా అక్కకు అత్తగారు, నాకు వరసకు అత్త. కన్నడ ప్రైమరీ స్కూల్లో టీచరుగా పనిచేసి రిటైరైంది. మాది కర్ణాటకలో ఆంధ్ర సరిహద్దు పక్క; ఇళ్ళల్లో తెలుగు మాట్లాడతాం, స్కూల్లో కన్నడం చదువుతాం. నేను ఆ కన్నడం కూడా ఎనిమిదో తరగతి దాకానే చదివాను. తెలుగు అక్షరాలు నాకు బస్సు బోర్డులూ సినిమా పోస్టర్లూ నేర్పాయి. ఇక్కడ తప్పులు కనబడితే వాటిని తిట్టుకోండి.

అత్తకు ఒక అలవాటు ఉండేది. ఇంటికి ఎవరొచ్చినా చెయ్యి చాపమని గోళ్ళు చూసేది. స్కూలు మానేసి ఎన్నేళ్ళయినా అది మానలేదు. ఓట్ల కాలంలో ఒక పెద్దమనిషి తెల్లచొక్కాతో వచ్చి దండం పెడితే, "చెయ్యి చూపప్పా," అంది. ఆయన ఆశీర్వాదం అనుకుని రెండు చేతులూ చాపాడు. "బొటనేలు గోరు కత్తిరించుకో. ఓటు సంగతి మళ్ళ చూస్తాం," అంది. షుగర్ వచ్చి కళ్ళు పోయాక కూడా, నేను పోతే నా వేళ్ళు పట్టుకుని తడిమి చూసేది.

నా వేళాకోళానికి మా అందరిలో ఎదురు నిలబడింది ఆమె ఒక్కతే. ఒకసారి కాఫీలో చక్కెరకు బదులు ఉప్పు కలిపి ఇచ్చాను. మొహం మారకుండా మొత్తం తాగింది. గ్లాసు కింద పెట్టి, "మీ అక్కకు చెప్పప్పా, ఇంట్లో ఉప్పు వృథాగా పోతాండాది," అంది. మధ్యాహ్నం నాకు పెట్టిన సంగటి ముద్దలో ఉప్పు లేదు, చారులోనూ లేదు. అడిగితే, "పొద్దున్నే ఖర్చయిపోయ గదప్పా," అంది.

ఆమెకు కళ్ళు పోయాక నేను చదివి వినిపించిన ఏడాది గురించి రాయాలని కూర్చున్నాను. దానికి ముందు మా పక్క ఆచారం ఒకటి చెప్పాలి.

మా ఇళ్ళల్లో మేనమామకు అక్క కూతురి మీద హక్కు ఉంటుందంటారు. పెళ్ళి చేసుకోవడం ఇప్పుడు తగ్గిపోయింది గానీ, ఎగతాళి చేసే హక్కు ఎక్కడికీ పోలేదు. స్పందనను తొట్టెలో వేసిన రోజు నాకు పెళ్ళయి రెండో బిడ్డ కూడా ఉన్నాడు. అయినా అత్త ఆ పసిగుడ్డును తెచ్చి నా ఒళ్ళో పెట్టి, "ఇందప్పా, నీ పెళ్ళాం. ఏడిస్తే నువ్వే చూసుకో," అంది. ఇల్లంతా నవ్వింది. నా భార్య అందరికంటే గట్టిగా నవ్వింది. ఆ రోజు నుంచీ నాకు ఆ పిల్ల పేరు అవసరం రాలేదు. "యాడ నా పెళ్ళాం?" అని కేక వేసుకుంటూ ఇంట్లోకి పోయేవాణ్ణి. చిన్నప్పుడు పరుగెత్తి వచ్చేది. కొంచెం పెద్దయ్యాక నడిచి వచ్చేది. తర్వాత రావడం మానేసింది. మేమంతా, "సిగ్గు! పెద్దదైంది గదా!" అని దానికీ నవ్వాం.

హైస్కూలు వార్షికోత్సవంలో ఆ పిల్లకు కన్నడ వ్యాసానికి మొదటి ప్రైజు వచ్చింది. ప్రైజు ఒక పుస్తకం. పిల్ల స్టేజీ దిగుతుండగా నేను వెనకనుంచి ఎక్కి, మైకు పట్టుకుని, "ప్రైజు కొట్టింది నా పెళ్ళాం, చప్పట్లు గట్టిగా!" అన్నాను. బ్రహ్మాండంగా చప్పట్లు పడ్డాయి. అంత పెద్ద నవ్వు నా జన్మలో ఎప్పుడూ రాబట్టలేదు. ఆ తర్వాత స్కూల్లో ఆడపిల్లలూ మగపిల్లలూ ఆమెను ఏమని పిలిచారో నాకు చాలా కాలం తెలియదు. పది పాసై, చింతామణిలో కాలేజీలుండగా చిక్కబళ్ళాపురం హాస్టల్లోనే చేరతానని పట్టుబట్టింది. చదువు మీద ఎంత శ్రద్ధో అని మెచ్చుకున్నాం.

సెలవులకు వచ్చేది కాదు. ట్యూషన్, ప్రాజెక్టు, స్నేహితురాలి ఇల్లు. అత్తకు కళ్ళు పూర్తిగా పోయింది ఆ కాలంలోనే. ఉగాది దాటిన తర్వాత ఒక రోజు నేను గూళ్ళు ఎత్తుకుపోవడానికి టెంపో తెస్తే, అత్త పట్టుపురుగుల ఇంటి అరుగు మీద కూర్చుని గూళ్ళ మీది నూగు, అదే పైన అంటుకునే పీచు, తీస్తోంది. ఆ పనికి కళ్ళు అక్కర్లేదు, వేళ్ళు చాలు.

"పాప గోడ గూట్లో పుస్తకాలుండాయి చూడప్పా," అంది. "ఒకటి తెచ్చి చదువు."

వెళ్ళి చూశాను. ప్రైజు పుస్తకంతో మొదలై వరసగా ఉన్నాయి. అన్నీ కన్నడంలో, పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ పిల్లల కోసం రాసిన నవలలు. కొన్ని ఇక్కడివి, కొన్ని వేరే దేశాల నుంచి కన్నడంలోకి తెచ్చినవి.

"ఇవి పిలకాయలవి అత్తా. నీకేమిటికి?"

"నేను పెద్దోళ్ళవి చదివి ఏం బాగుపడినాను? చదువు. ఆ పిల్ల ఇంటికి రాదు, ఫోన్లో అవును కాదు తప్ప మాట్లాడదు. అది ఏం చదివిందో అదన్నా విందాం."

మొదలుపెట్టాను. బస్సు కండక్టరు ఊర్ల పేర్లు అరిచినట్టు చదివాను. ఒక పుట అయ్యాక అత్త చెయ్యి ఎత్తింది. "తెలుగులో చెప్పప్పా. ముప్పై ఏండ్లు కన్నడంలో పాఠం చెప్పినాను. కన్నడంలో నాకు మార్కులు గుర్తొస్తాయి, ఏడుపు రాదు."

అట్లా మొదలైంది. కళ్ళతో కన్నడం, నోటితో తెలుగు. మా పక్క ఇది పెద్ద విద్య కాదు. తాలూకా ఆఫీసు నోటీసుల నుంచి కరెంటు బిల్లుల దాకా అందరం ఇట్లాగే ఇంట్లోవాళ్ళకు చదివి చెబుతాం. కానీ బిల్లును తెలుగులో చెప్పడం వేరు, పదిహేనేళ్ళ పిల్ల మనసును తెలుగులో చెప్పడం వేరు. ఆ సంగతి నాకు వెంటనే తెలియలేదు. ముందు నా వేషాలు నేను వేశాను. కథలో హెడ్మాస్టరుకు మా ఊరి సొసైటీ సెక్రటరీ పేరు పెట్టాను. పిల్ల ఏడ్చేచోట బర్రె ఈనినట్టు చెప్పాను. ఒక పుస్తకంలో అవ్వ చచ్చిపోతే, నేను ఆమెను బతికించి రెండో పెళ్ళి చేశాను.

అత్త నూగు తీస్తూనే, "ఇది పుస్తకంలో లేదు. ఇది నీది," అంది.

"నీకెట్ల తెలుసు?"

"నీ సొంతం చెప్పేటప్పుడు మాట కంటే ముందు నగు వస్తుంది. వెనక్కి పోయి ఉండేది చదువు."

నేను చదివే సంగతి మార్కెట్లో ఎవరికీ తెలియనివ్వలేదు. ఒకసారి టెంపో సీటు మీద పుస్తకం చూసి పక్క డ్రైవరు, "ఏమన్నా, అట్ట మీద సైకిలు మీద పాప, ఎవురిదిది?" అంటే, "అక్క కూతురు మరిచిపోయింది," అన్నాను. నడివయసు మనిషి, నెరిసిన మీసం, పిల్లల నవల చదువుతున్నాడంటే ఏం బతకనిస్తారు? అసలు ఎగతాళికి భయపడడం నాకు ఆ ఒక్క విషయంలోనే తెలిసొచ్చింది. తర్వాత తర్వాత తూకం వరసలో టెంపో ఆపుకుని సీట్లో తల వంచుకుని చదవసాగాను. అత్త కోసం ముందుగా చూసి పెట్టుకుంటున్నానని నాకు నేనే చెప్పుకున్నాను. ఒక కథలో తండ్రి తాగుబోతని స్నేహితులకు తెలియకుండా దాచే పిల్లవాడు ఉన్నాడు. వాడు దొరికిపోతాడా లేదా అన్న ఆరాటంలో నా వరస తప్పింది, వెనకబండి వాడు తిట్టాడు.

ఆ పుస్తకాల్లో తలుపులు ఎక్కువ. ఏ కథ తీసినా ఒక పిల్లో పిల్లవాడో తలుపు వేసుకుంటారు. బయట అమ్మ ఉంటుంది, అన్నం ఉంటుంది, అన్నీ ఉంటాయి. వీళ్ళు లోపల కూర్చుంటారు. నాకు ఒళ్ళు మండేది. "కడుపునిండా తిని, స్కూలుకు పోయేదానికి సైకిలు పెట్టుకొని, దీనికి ఏం కష్టమొచ్చిందత్తా?" అనేవాణ్ణి.

"నువ్వు తలుపు ఇవతల నిలబడి మాట్లాడతాండావు," అనేది అత్త. "అది తలుపు అవతల ఉండి రాసింది."

ఆ కథలు చాలావాటిలో పిల్లే కథ చెబుతుంది. నేను స్కూలుకు పోయాను, నేను ఏడ్చాను, నేను ఎవరితోనూ చెప్పలేదు. అది తెలుగులో చెప్పాలంటే నా గొంతుతో నేనే 'నేను' అనాలి. మొదట ఆడగొంతు పెట్టి సాగదీశాను. నవ్వు రాలేదు, మానేశాను. ఊరికే మామూలుగా చెప్పడం మొదలుపెట్టాక, ఆ పిల్లల మాటలు నా నోట్లో మా ఊరి మాటలైపోయాయి. 'నాకి ఇష్టం లేదు', 'నా జోలికి రావద్దు', 'నేను పోతాను' అని చెబుతుంటే అవి ఎవరి మాటలో నాకు గుర్తొచ్చేవి. అవన్నీ స్పందన ఎప్పుడో ఒకప్పుడు మా ముందు అన్నవే. నేను అప్పుడు వాటిని వెక్కిరించి అన్నాను, ఇప్పుడు ఉన్నవి ఉన్నట్టుగా అంటున్నాను.

వానలు తగ్గిన కాలంలో ఒక పుస్తకం తీశాం. కాఫీతోటల ఊళ్ళో ఒక పిల్ల. ఆదివారం ఆదివారం వాళ్ళ నాన్న స్నేహితుడొకాయన భోజనానికి వస్తాడు. మంచివాడే. చాక్లెట్లు తెస్తాడు, నాన్నకు ఆపదలో ఆదుకున్నవాడు. వచ్చినప్పుడల్లా ఆ పిల్ల లావు మీద ఒకే ఎగతాళి చేస్తాడు. అందరూ నవ్వుతారు. అక్క పురుగులకు మల్బరీ ఆకు తరుగుతోంది, అత్త నూగు తీస్తోంది, నేను చదివి చెబుతున్నాను. పుట తిప్పాను. పిల్ల చెబుతుంది: ఆయన నోరు తెరవకముందే నవ్వడం నేను నేర్చుకున్నాను, అందరికంటే ముందు నవ్వితే నొప్పి తక్కువ.

నేను ఆగాను. తర్వాత ఆ పుట వదిలేసి అవతలి పుట అందుకున్నాను.

"యాడికి పోయినావప్పా?" అంది అత్త.

"యాడికీ పోలేదే. చదువుతాండాను గదా."

"ఆదివారం భోజనం కాడ ఉన్నాం. నువ్వు సోమవారం స్కూలుకి ఎట్ల పోయినావు?"

వెనక్కి పోయి చదివాను. 'నేను నేర్చుకున్నాను' అని నా గొంతుతో చెప్పాను. అక్క ఆకు కత్తి కింద పెట్టి తోట వైపు వెళ్ళిపోయింది. తరగాల్సిన ఆకు ఇంకా కుప్పగానే ఉంది. అత్త చేతిలో గూడు అట్లాగే పట్టుకుని కూర్చుంది.

"ఏమత్తా, ఆ పెద్దమనిషి నేనే అంటావా?" అన్నాను. ఎగతాళిగా అందామనుకున్నాను, అట్లా రాలేదు.

"నేనేం అనలేదప్పా. పుస్తకం ఆపింది నువ్వు."

చేతిలో గూడు బుట్టలో వేసి ఆమే మళ్ళీ అంది. "ఆ కతలో ఆయనొక్కడే కాదప్పా. నగినోళ్ళు కూడా ఉండారు. బల్ల చుట్టూ ఉండారు చూడు, అవ్వలూ తాతలూ, వాళ్ళు. నీ ఒళ్ళో పెట్టి ఆ మాట మొదట అన్నది ఎవురు? నేను."

అత్త ఏడవడం నేను చూడటం అదే మొదలు. చూపులేని కళ్ళ నుంచి కూడా నీళ్ళు మామూలుగానే వస్తాయని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ రోజు నుంచి అత్తకు ఒకటే ధ్యాస పట్టింది. స్పందన రావాలి, ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒక మాట చెప్పాలి. ఫోన్లో చెప్పమంటే ఒప్పుకోలేదు. "అందరి ముందర నగినాను. ఫోన్లో గుసగుసగా చెప్పేదా?" అంది. పిలిపించింది. హాస్టలుకు కబురు చెప్పింది నేనే; పిల్లకు పరీక్షలన్నారు. దసరాకు పిలిపించింది. ప్రాజెక్టు అన్నారు. అత్తను చిక్కబళ్ళాపురం తీసుకుపోదామని నేనే టెంపోలో పరుపు వేశాను. ఆ వారమే ఆమెకు కాలి పుండు తిరగబెట్టింది, మంచం దిగలేకపోయింది. నేను ఒక్కణ్ణే హాస్టలు దాకా పోయి గేటు దగ్గర నిలబడ్డాను. వాచ్‌మన్ లోపలికి చెప్పి పంపాడు. తలనొప్పి అని జవాబు వచ్చింది. ఆ తలనొప్పి నేనే అని నాకు తెలుసు. అవ్వ రమ్మంటోందన్న మాట కూడా నా నోటితో పోయింది కాబట్టి ఆ పిల్ల నమ్మలేదు. నా వల్ల అవ్వకు కూడా మనవరాలు దూరమైంది. అన్నిటికంటే పెద్ద సిగ్గు నాకు అదే.

చివరి నెలల్లో అత్త నాకు ఆ మాట నేర్పింది. "నేను చెప్పలేకపోతే నువ్వు చెప్పు. నీ మాటల్లో వద్దు, నావే చెప్పు," అని, నాతో చెప్పించుకుంది. నేను చెబితే తల అడ్డంగా ఊపేది. "నగు ఉండాది. మళ్ళీ." నేను నవ్వడం లేదని ఒట్టు పెట్టినా, "నీకు తెలీదు. నాకు వినబడతాండాది. మళ్ళీ," అనేది. పాఠం అప్పగించలేని మొద్దు పిల్లవాడిలా ఆ అరుగు మీద కూర్చుని చెప్పాను. ఆమె ఒప్పుకునేంత బాగా ఒక్కసారి కూడా చెప్పలేకపోయాను.

పోయిన రోజు అక్క కాఫీ తేవడానికి లోపలికి పోయి వచ్చేసరికి అత్త గోడకు ఒరిగి ఉందట. ఒళ్ళో గూళ్ళ బుట్ట ఉందట. తీసినవి ఒక పక్క, తీయనివి ఒక పక్క.

స్పందన మధ్యాహ్నం బస్సుకు వచ్చింది. అవ్వ కాళ్ళ దగ్గర కూర్చుంది. నా వైపు చూడలేదు. పొలం గట్టున సమాధి చేశాం. మూడో రోజు, సమాధి మీద పాలు పోసి వచ్చాక, భోజనాలప్పుడు అందరం వరసగా కూర్చున్నాం. స్పందన చారు వడ్డిస్తూ వస్తోంది. నా పక్కన బాగేపల్లి పెద్దబావ. నమ్మకుండా ఫోన్ పెట్టేసినందుకు ఆయన మనసులో బాధ ఉందేమో, నన్ను మంచి చేసుకోవాలనుకున్నాడో ఏమో, "ఏమప్పా, పెళ్ళాం వచ్చి మూడు దినాలాయ. ఒక్క మాటా లేదు. అలిగినారా ఏమి?" అన్నాడు.

అందరికంటే ముందు స్పందన నవ్వింది.

ఇన్నేళ్ళు ఆ నవ్వు విన్నాను. నా మాటకు పడే చప్పట్లలో అది మొదటిది అనుకునేవాణ్ణి. ఆ రోజు తల ఎత్తి చూశాను. పెద్దబావ మాట పూర్తి కాకముందే నోరు నవ్వింది. కళ్ళు చారు గరిటె మీద ఉన్నాయి. గరిటె కదలడం లేదు. తర్వాత వరసంతా నవ్వింది. చావింట్లో కాస్త తేలికైనందుకు అందరికీ హాయిగా ఉంది.

"అది నా అక్క కూతురు బావా," అన్నాను. "దాని పేరు స్పందన. ఇంగ ఆ మాట వద్దు."

పెద్దబావ నోట్లో ముద్ద పెట్టుకోకుండా నా మొహమే చూస్తున్నాడు. "ఊ, తరువాత?" అన్నాడు. అటు పక్కనుంచి ఎవరో, "చెప్పప్పా, చెప్పు," అన్నారు. వాళ్ళకు అది వేళాకోళానికి మొదలులాగా ఉంది. అసలు చమత్కారం వెనక వస్తుందని వరసంతా చేతులు ఆపుకుని ఎదురుచూసింది. స్పందన కూడా గరిటె పట్టుకుని, పెదవులు సిద్ధంగా పెట్టుకుని, ఎదురుచూస్తూ నిలబడింది.

"తరువాత ఏమీ లేదు," అన్నాను. "అంతే."

ఎవరికీ నచ్చలేదు. చారు బాగుందని ఎవరో అన్నారు. నేను విస్తరిలో తల పెట్టుకుని తిన్నాను.

సాయంత్రం స్పందన పట్టుపురుగుల ఇంట్లో ఉందని అక్క చెప్పింది. పంట తీసేసి గది కడిగి సున్నం కొట్టి ఉంది. లోపల ఏమీ లేదు, నాలుగు తెల్లగోడలు తప్ప. ఆ పిల్ల ఊరికే నిలబడి ఉంది. నన్ను చూసి వాకిలి వైపు జరిగింది.

"మీ అవ్వ నీకొక మాట చెప్పమనింది," అన్నాను.

"అవ్వకి ఫోనుండె గదా."

"నువ్వు ఎత్తితే కదా!" అనేశాను. అని నాలుక కరుచుకున్నాను. "కాదు. ఫోన్లో చెప్పేది కాదనింది. నిన్ను రమ్మని పిలిచింది నిజంగా ఆమెనే. నేను నాటకమాడలేదు. పోయిన ఏడాదంతా నీ పుస్తకాలు చదివించుకుంది."

"ఎవురు చదివినారు?"

"నేనే."

ఆ పిల్ల నన్ను చూసింది. హాస్టలుకు పోయిన తర్వాత నా మొహంలోకి చూడటం అదే మొదలు. "నా పుస్తకాలా? నువ్వా?" అంది. అందులో కోపం ఉంది. తన గదిలోకి అడగకుండా దూరినవాణ్ణి చూసినట్టు చూసింది. తప్పు లేదు.

"చెప్పు," అంది.

చెప్పబోయాను. రెండు మాటలు రాగానే చెయ్యి ఎత్తి ఆపింది, అచ్చం వాళ్ళ అవ్వలాగే.

"నగుతాండావు మామా."

"లేదు పాపా. ఒట్టు. నగడం లేదు."

"నీ మూతి చూడు. నగుతాండాది."

చెయ్యి పెట్టి తడుముకున్నాను. నిజమే. పెదవి ఒక పక్కకు లేచి ఉంది. నా లోపల నవ్వు చుక్క కూడా లేదు. అయినా మొహం దాని పాటికి అది నవ్వుతోంది. దించుదామని చూశాను, దిగలేదు. ఇంత వయసొచ్చాక ఈ ఒక్క మొహమే ఉంది నా దగ్గర, దీనికి ఇంకో పని రాదు.

ఏం చెయ్యాలో తోచక వెనక్కి తిరిగాను. గోడకు మొహం పెట్టి నిలబడ్డాను, స్కూల్లో శిక్ష వేసినట్టు. సున్నం ముక్కుకు తగిలేంత దగ్గరగా ఉంది. అప్పుడు చెప్పాను.

"నాకి కండ్లుండంగ నీ మొహం చూసినాను తల్లీ. నీకి నొప్పని కనబడె. చూసి కూడా నగినాను. అందరు నగుతాండారని నగినాను. నా చేత్తోనే మొదలుపెట్టినాను. నీ తప్పు యేమీ లేదు. అవ్వది తప్పు." ఆపి, అత్త నేర్పని మాట ఒకటి కలిపాను. "నాది కూడా, స్పందనా."

పట్టుపురుగుల ఇంట్లో ఎవరూ చెప్పులతో అడుగుపెట్టరు కాబట్టి, వెనక ఆ పిల్ల పోయిందో ఉందో తెలియలేదు. తిరిగి చూసే మొహం నా దగ్గర లేదు. వాకిట్లోంచి సాయంత్రపు ఎండ లోపలికి పడుతోంది. తెల్లగోడ మీద నా నీడ వంగి ఉంది. దానికి మూరెడు అవతల ఇంకొక నీడ, సన్నగా, జడతో. దాని భుజం ఒకసారి ఎగిసి తగ్గింది. నేను గోడ వైపే చూస్తూ నిలబడ్డాను. ఆ నీడ దగ్గరికి రాలేదు. పోలేదు కూడా.